క్యూ కట్టెకు తేనె రంగు

మేపుల్ చెక్క పుట్టుకతోనే తెల్లనిది. లేత్ మీద తిప్పి, ఉప్పుకాగితం పట్టి, చేత్తో తడిమితే నున్నగానే ఉంటుంది కానీ చూడ్డానికి మాత్రం జ్వరం నుంచి లేచిన మనిషిలా పాలిపోయి కనిపిస్తుంది. నా దగ్గర పూల్ ఆటకు క్యూ, అంటే బంతుల్ని కొట్టే కట్టె, చేయించుకోవడానికి వచ్చే ప్రతివాడూ ఫోన్ నా మొహం ముందు పెట్టి, "అన్నా, గీ కలర్ రావాలె" అంటాడు. ఫోన్‌లో ఉన్నది ఏ దేశంలోదో పాత క్యూ. ఎవరి చేతుల్లోనో ఏళ్ల తరబడి నలిగి, వెలుతురు తాగి, నూనె పీల్చుకుని తేనె రంగుకు వచ్చింది. మనకు జుట్టు నెరిసినట్టు దానికి ఆ రంగు వచ్చింది. ఇవేమీ వాడికి పట్టవు, "వచ్చే వారం ఇస్తవా" అని అడుగుతాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వారంలో నీకు తాతను తయారు చెయ్యమంటే చేస్తానా అని కసురుకుంటాను. కసురుకుంటూనే పని ఒప్పుకుంటాను.

మాది వరంగల్‌లో చిన్న లేత్ మిషన్ దుకాణం. మా నాన్న మంచం కోళ్లు, ఉయ్యాల గుంజలు, చపాతీ కర్రలు తిప్పాడు. నేనూ అవే తిప్పుతూ ఉండగా కాలేజీల చుట్టుపక్కల పూల్ హాళ్లు వెలిశాయి. మొదట్లో అరిగిపోయిన క్యూల కొసలకు తోలు టిప్పులు అతికించేవాణ్ని, వంకరపోయినవి సరిచేసేవాణ్ని. తర్వాత హైదరాబాద్ నుంచి మేపుల్ తెప్పించి నేనే చేయడం మొదలుపెట్టాను. చెయ్యి తిరిగింది. చెయ్యి తిరిగాక నోరూ తిరిగింది. వరంగల్‌లో సొంతంగా క్యూ చేసేవాణ్ని నేనొక్కణ్నే అని, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకునేవాణ్ని.

తేనె రంగు తెప్పించడానికి తిన్నని దారులు ఉన్నాయి. చెక్కను ఎండలో పెట్టి రోజూ కాస్త కాస్త తిప్పుతూ ఉండాలి. అవిసె నూనె పలచగా పట్టించి, ఆరాక మళ్లీ పట్టించాలి. పైన లక్క పాలిష్ గుడ్డతో ఒక్కో పొరే వెయ్యాలి. ఇవన్నీ చేస్తే చెక్క లోపల దీపం పెట్టినట్టు రంగు వస్తుంది. కానీ వానాకాలంలో ఎండ ఉండదు, నూనె ఆరదు, గాలిలో తేమ ఎక్కువైతే లక్క పాలిష్ ఆరకముందే దాని మీద తెల్లటి పొర కట్టేస్తుంది. ఆ నాలుగు నెలలూ నేను కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ని.

అలాంటి రోజుల్లో మా మరదలి పెళ్లికి పసుపు దంచారు. ఆ రోకలి నేను తిప్పి ఇచ్చిందే. పెళ్లయ్యాక ఒక మూలకు ఆనించి ఉన్న రోకలి కొసను చూశాను. పసుపు లోపలికి దిగి, చేతుల రాపిడికి నునుపు తేలి, అచ్చం నేను వెతుకుతున్న రంగులో ఉంది. ఇంటికి రాగానే స్పిరిట్‌లో పసుపు కలిపి మేపుల్ ముక్క మీద పూశాను. పచ్చటి నిమ్మపండు రంగు వచ్చింది. దాంట్లో చిక్కటి టీ డికాషన్ కొద్దికొద్దిగా కలుపుతూ పోతే ఒకచోట తేనె వచ్చి ఆగింది. ఒంటరిగా దుకాణంలో నిలబడి నవ్వుకున్నాను. ఆ సీసాను పాత పాలిష్ డబ్బాల వెనక దాచి, ఎవరు అడిగినా చెప్పకూడదని అనుకున్నాను. మహా అయితే వంటింటి సరుకు, దాన్ని నేను మందుల కంపెనీవాడిలా దాచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే మొట్టమొదట సిగ్గు పడాల్సింది అక్కడే.

ఇక ఒక తల్లీకూతుళ్ల గురించి చెప్పాలి. మా దుకాణానికి దగ్గర్లో ఒక పూల్ హాల్ ఉంది. అందులో పొద్దున్నే ఊడ్చి తుడిచే ఆమె నన్ను అన్నా అని పిలుస్తుంది, నేను చెల్లె అంటాను. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే చుట్టరికం. ఆమె భర్త ఆటో నడుపుతాడు, ఆ లెక్కన నన్ను బావా అంటాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. చిన్నప్పటి నుంచి తల్లి వెనకాల హాల్‌కు వచ్చి, ఆమె నేల తుడిచే సేపు ఖాళీ టేబుల్ మీద బంతులు దొర్లిస్తూ ఆట నేర్చుకుంది. ఆడపిల్లకు ఆ హాల్ ఏంటి, ఆ పొగరాయుళ్ల మధ్య ఆ ఆట ఏంటి అని తండ్రి వైపు వాళ్లు మాటలన్నారు. తండ్రి కూడా చాలాకాలం గొణిగాడు. తల్లి ఎవరికీ ఎదురు చెప్పలేదు, పిల్లను తీసుకురావడం మాత్రం మానలేదు. హాల్ యజమాని మంచివాడు, పొద్దున పూట ఆ అమ్మాయిని ఆడుకోనిచ్చాడు. ఆ ఆట అలా తల్లి చీపురు పక్కన పెరిగింది.

అమ్మాయికి హైదరాబాద్‌లో ఆడపిల్లల సెలక్షన్ పోటీలకు పిలుపు వచ్చింది. తల్లి నా దుకాణానికి వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"అన్నా, పిల్ల హైదరాబాద్ ఆడవోతాంది. ఆడికి అందరు సొంత కట్టెలు వట్టుకొని వస్తరట. దీనికి హాల్ కట్టెనే దిక్కు. టిప్పు ఊడకుండ జర గట్టిగ చేసియ్యవా."

"హాల్ కట్టె ఎందుకు, నేను కొత్తది చేసిస్త. నా కట్టెతోనే ఆడాలె మన పిల్ల" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. తర్వాత డబ్బు మాట ఎత్తబోతే ఎత్తనివ్వలేదు. అది నా దానగుణం అనుకోకండి. హైదరాబాద్‌లో నలుగురు ఆ క్యూ చూసి ఎవరు చేశారని అడగాలి, వరంగల్‌లో ఫలానా ఆయన అని అమ్మాయి చెప్పాలి. నా లెక్క అదీ.

"నేను గూడ పోతాన అన్నా" అంది వెళ్లబోతూ. "హాల్ సార్ సెలవిచ్చిండు. ఇది ఆడుతాంటె నేను ఎన్నడు కూసొని సూడలే. ఎప్పుడు సూసినా నా చేతుల బకెట్ ఉంటది." అలా అని నవ్వింది. దారిలో కనబడ్డ ప్రతిసారీ ఆ ప్రయాణం మాటే. ఏ చీర కట్టుకోవాలి, అక్కడ కుర్చీలు ఉంటాయా, ఆట మధ్యలో చప్పట్లు కొట్టొచ్చా కొట్టకూడదా అని అడిగేది. నాకు తెలిసీ తెలియక ఏదో చెప్పేవాణ్ని.

వానలు విడవకుండా కురుస్తున్నాయి. ఎండ కోసం ఆగేంత గడువు లేదు. సీసా తీశాను. పసుపు, డికాషన్ కలిపిన రంగు పూసి, లక్క పాలిష్ వేస్తే తెల్లబడుతుందేమోనని వెయ్యకుండా, పైన మైనం రుద్ది వదిలేశాను. పట్టుకుంటే చేతికి హాయిగా ఉంది, రంగు కూడా బ్రహ్మాండంగా కుదిరింది. నేను చేసినవాటిలో అంత అందమైన క్యూ ఇంకోటి లేదు. ఆమెకు ఇస్తే కొంగుతో చేతులు తుడుచుకుని, రెండు చేతులతో అందుకుని, చంటిపిల్లను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం పూస్తవ్ అన్నా గీ రంగు రానీకి?"

"అది చెప్తే నేను దుకాణం బంద్ చేస్కోవాలె చెల్లె."

"నేనేమన్న దుకాణం వెడ్తనా" అని నవ్వింది. నేనూ నవ్వాను. చెప్పలేదు.

ప్రయాణం రోజు పొద్దున్నే నేను పళ్లు తోముకుంటుంటే ఆమె భర్త ఫోన్ చేశాడు. "బావా, జల్ది రా. కట్టె ఖరాబైంది." వాళ్ల ఇల్లు మా వెనక సందులోనే. నోరు కడుక్కుని పరుగెత్తాను.

గడప ముందు ప్లాస్టిక్ కుర్చీకి ఆనించి ఉంది క్యూ. చేత్తో పట్టుకునే లావు భాగమంతా ఎర్రబడింది. ఒకచోట చారలు, ఒకచోట మరకలు, ఒకచోట వేళ్ల ముద్రలు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి ఎరుపు. కుర్చీ పక్కన చిన్న బకెట్‌లో సర్ఫ్ నురగ ఇంకా ఉంది. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. తడి చేతులు ఒళ్లో దాచుకుంది.

నాకు చూడగానే అర్థమైంది. పసుపుకు సబ్బు తగిలింది. చొక్కా మీద కూర మరక పడితే, సబ్బు రుద్దగానే ఎర్రగా అవడం ఎవరికి తెలియదు. బట్టలుతికే ఆడవాళ్లకు మరీ తెలుసు. ఆమెకు తెలియనిదల్లా ఆ కట్టెలో పసుపు ఉందన్న ఒక్క ముక్క. అది నాకు మాత్రమే తెలుసు.

అమ్మాయి వారం రోజులుగా ఆ క్యూతో ఆడుతోంది. టిప్పుకు రాసే నీలం సుద్ద, చేతి చెమట, టేబుల్ దుమ్ము పట్టి కట్టె నల్లబడింది. పెద్ద ఊళ్లో పెద్దవాళ్ల ముందు కూతురు మురికి కట్టె పట్టుకోవడం తల్లికి ఇష్టం లేదు. తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, గుడ్డ తడిపి, తనకు బాగా వచ్చిన పని చేసింది. శుభ్రం చేయడం ఆమె పని, కూతురి ఆటలో ఆమె పెట్టగలిగింది అదే. ఇదంతా నాకు అక్కడ నిలబడగానే తట్టింది. తట్టినా నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటంటే:

"సబ్బెందుకు వెట్టినవ్ చెల్లె? కట్టెకు ఎవలన్న సబ్బు వెడ్తరా?"

ఆ మాట నేనే అన్నాను. ఎవరో అన్నట్టు వినిపించింది కానీ నేనే అన్నాను. ఆమె భర్త వెంటనే అందుకున్నాడు. "సూసినవా, బావ గూడ గదే అంటాండు. ఏది గనవడితె దాన్ని కడుగుడే. చీపురు వట్టిన చెయ్యి ఊకుంటదా. పిల్ల పోయేదినం, గిప్పుడే నీకు కడుగబుద్ధైందా." అమ్మాయి లోపలి నుంచి వచ్చి, "ఊకో నాన్నా, ఏం కాలే" అంది.

నాకు అప్పుడైనా నిజం చెప్పే వీలుంది. ఒక్క మాట చాలు. తప్పు కప్పుకోవాలనే ఆత్రంలో మాట బదులు పని వెతుక్కున్నాను. "నిమ్మకాయ ఉన్నదా ఇంట్ల?" అని అడిగాను. పులుపు తగిలితే ఆ ఎరుపు మళ్లీ పసుపుకు తిరుగుతుంది. ఇంట్లో నిమ్మకాయ లేదు. అంత పొద్దున దుకాణాలు తీయలేదు. రైలుకు టైం అవుతోంది. ఆమె లేచి బయటికి వెళ్లింది. ఆటో ముందు దిష్టి తగలకుండా నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి కట్టిన దారం వేలాడుతోంది. కూతురి ప్రయాణం అని నిన్ననే తాజాగా కట్టిందట. ఆ దారం తెంపి నిమ్మకాయ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ప్రయాణం నాడు దాన్ని తెంపుతవా?" అని భర్త గుమ్మంలోంచే అరిచాడు. "నీకేమన్న సోయున్నదా?"

"నేనే అడిగిన బావా" అన్నాను. సన్నగా అన్నాను. వినబడిందో లేదో తెలియదు. అతను విసురుగా ఆటో దగ్గరికి వెళ్లిపోయాడు.

నిమ్మచెక్కతో రుద్దుతుంటే ఎరుపు వెనక్కి తగ్గి పసుపు తేలుతోంది. ఆమె నా పక్కన కూర్చుని చూస్తోంది. ఉతికే మనిషికి అది చూశాక ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"పసుపా అన్నా?" అంది మెల్లగా.

"ఊఁ" అన్నాను, తలెత్తకుండా.

"అడిగిన గద. చెప్తే సబ్బు వెడ్దునా."

గొంతులో కోపం లేదు. అందుకే నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె తిట్టి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ని, నా నోరు అలాంటిది. నిమ్మచెక్క పిండుతూ ఉండిపోయాను. ఆమె తడి తుడవడానికి పొడిగుడ్డ తెచ్చి దూరంగా నేల మీద పెట్టింది.

రంగు చాలావరకు తిరిగి వచ్చింది కానీ మచ్చలు మిగిలాయి. తడికి చెక్క నూగు లేచి గరుకుగా అయింది. దారిలో రుద్దుకుంటూ పోవాలని అన్నాను. అప్పుడే భర్త లోపలికి వచ్చి తేల్చేశాడు. "అయితె బావా, నువ్వే మాతోని రా. కట్టెకు మల్ల ఏమన్నయితె సూస్కుంటవ్. ఇది రాదు తియ్యి. ఆడ గూడ ఏదన్న కడుగుతది."

నేను ఆమె వైపు చూశాను. కొత్త చీర కట్టుకుని ఉంది. ఇస్త్రీ మడత ఇంకా కొంగు మీద కనబడుతోంది. వద్దు, ఆమె రావాలి, నేను తర్వాత వస్తాను అని అనాలి. "సరే" అన్నాను. నాకు ఆ క్షణంలో కావాల్సింది ఆమె ఎదుట నుంచి తప్పుకోవడం. ఆమె సంచిలోంచి తన బట్టలు తీసి, రొట్టెల డబ్బా, నీళ్ల సీసా సర్ది నాకు ఇచ్చింది. "పిల్ల ఆడేముందు ఏం తినదన్నా. జర తినిపియ్యి" అంది.

స్టేషన్‌లో బావ మూడు టికెట్లు తీశాడు. మూడోది ఆమెది కావాల్సింది. అది నా జేబులో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని, క్యూను మోకాళ్ల మీద పెట్టుకుని ఉప్పుకాగితం రుద్దుతూ ఉన్నాను. ఎదురుగా అమ్మాయి బయటికి చూస్తోంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటేదాకా నేను తల ఎత్తలేదు. దాటాక ఇక ఉండలేకపోయాను.

"బావా, అండ్ల పసుపున్నది. నేనే పూసిన. ఏం పూసినవని చెల్లె అడిగితె చెప్పలే. ఆమె తప్పేం లేదు" అన్నాను.

"పొద్దుగాల చెప్పద్దా బావా" అన్నాడు. "ఇప్పుడు చెప్తే రైలు ఎనుకకు పోతదా." మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన కూడా సిగ్గుపడుతున్నాడని నాకు అర్థమైంది. ఇద్దరు మగవాళ్లం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేక సిగ్నల్ స్తంభాలు చూస్తూ కూర్చున్నాం.

మాట కలిపింది అమ్మాయే. "అమ్మకు ఫోన్ చెయ్ నాన్నా. ఎనుక రైలుకు రమ్మను. నా ఆట మధ్యాహ్నం గద." ఆయన చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. జనగామ దాటాక ఆమే చేసింది. హాల్‌కు వెళ్లిందట, ఫోన్ సంచిలో ఉండి వినబడలేదట. "ఎట్లాగు పోలే గద అని పనికొచ్చిన. నీళ్లు గూడ వోసిన. మద్దెల ఇడిసిపెట్టి ఎట్ల వస్త" అంది. ఆయన ఫోన్ చేత్తో మూసి, "నువ్వు చెప్పు బావా" అని నాకు ఇవ్వబోయాడు. నేను తీసుకున్నాను. "చెల్లె, బావకు చెప్పిన. రా చెల్లె" అన్నాను. "వద్దన్నా, సల్లగ పోయిరాండ్రి. పిల్లకు తినిపియ్యి" అంది. అంతే.

హైదరాబాద్‌లో ఆ హాల్ చల్లగా, మెరుస్తూ ఉంది. కుర్చీలు ఉన్నాయి. చప్పట్లు కూడా కొట్టొచ్చు. ఇవన్నీ ఆమె అడిగినవి, చూసింది నేను. అమ్మాయి మొదటి ఆట గెలిచింది. ఆ ఆట నడుస్తుండగా తండ్రి వీడియో కాల్ చేసి తల్లికి చూపించబోయాడు. ఫోన్ ఎటు పట్టుకోవాలో తెలియక పైకి పట్టుకున్నాడు. "ఏమన్న కనవడుతాందా?" అని అడిగితే, "ఫ్యాన్లు కనవడుతానయ్, మంచిగున్నయ్" అంది. నేను సరిగ్గా పట్టుకునేసరికి ఆట అయిపోయింది.

రెండో ఆటకు ముందు ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, ఆ క్యూ ఎవరు చేశారు, ఆ మచ్చల రంగు భలే ఉంది, కావాలని వేశారా అని అడిగాడు. ఎంతకాలం నుంచో నేను వినాలనుకున్న ప్రశ్న అది. "ఎవరో వరంగల్‌ల చేసిండ్రు సార్" అని పక్కకు జరిగాను. రెండో ఆటలో అమ్మాయి ఓడిపోయింది. చివర్లో తేలిక బంతి తప్పింది, చెయ్యి జారింది. గరుకు తేలిన చోట చెయ్యి తడబడిందో, బెదురో నాకు తెలియదు. బయటికి వచ్చాక, "కట్టె ఏమన్న ఇబ్బంది పెట్టిందా బిడ్డా?" అని అడిగాను. "లేదు మామా, కట్టె మంచిగనే ఉన్నది" అంది. కాసేపు నడిచాక, "అమ్మ ఉంటే బాగుండు" అంది. తండ్రి విన్నాడు, నేనూ విన్నాను.

తిరిగొచ్చాక బావ తన భార్యకు సర్దిచెప్పుకున్నాడట. కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోకు అన్నాడట. ఆమె కూడా పెట్టుకోలేదు. నాకు ఎదురైతే ఎప్పటిలాగే అన్నా అని పిలిచి మాట్లాడేది. నాకే మొహం చెల్లక, ఆమె వచ్చే వేళకు దుకాణం లోపలి మిషన్ దగ్గరకు జరిగేవాణ్ని. దసరా తర్వాత వానలు తగ్గి ఎండ వచ్చాక కొత్త మేపుల్ తీశాను. ఈసారి పనిలో అడ్డదారి తొక్కలేదు. మిద్దె మీద పెట్టి రోజూ తిప్పాను. నూనె పట్టించి ఆరేదాకా ఆగాను. లక్క పాలిష్ ఒక్కో పొర వేసి, అరగదీసి, మళ్లీ వేశాను. చలికాలం మొత్తం దాని మీదే పోయింది. అడిగినవాళ్లందరికీ ఏం వేస్తున్నానో విసుక్కోకుండా చెప్పాను. రంగు నెమ్మదిగా, దానంతట అది వచ్చింది.

ఎండాకాలం మొదట్లో కొత్త సెలక్షన్లని తెలిసి, పొద్దున్నే ఆ క్యూ తీసుకుని హాల్‌కు వెళ్లాను. ఆమె నేల తుడుస్తోంది. నేను క్యూ చూపించి, ఏమేం వేశానో వరసగా చెప్పాను. అవిసె నూనె, ఎండ, లక్క. పసుపు లేదు, టీ లేదు. బాగా ఆరి గట్టిపడింది, నీళ్లు పడ్డా, సబ్బు పడ్డా దీని రంగు మారదు. "నమ్మకపోతె ఇప్పుడే నీ బకెట్ల ముంచి కడుగు చెల్లె" అన్నాను. నిజంగా కడగాలనే నేను వెళ్లాను. ఆమె కడిగి, ఏమీ కాలేదని చూసి నవ్వితే నా బరువు దిగుతుందని అనుకున్నాను.

"మంచిగున్నదన్నా" అంది. ముట్టుకోలేదు.

"ఈసారి నువ్వే పోవాలె పిల్లతోని. బావ గూడ గదే అంటాండు."

"వాళ్ల నాన పోతడన్నా. నేను పోతె మల్ల ఏమన్నయితదేమో."

"ఏం గాదు. నా తప్పుకు నువ్వెందుకు బయపడ్తానవ్?"

"నీ తప్పని నాకు ఎరికే అన్నా" అంది మామూలుగా. "అయినా బయమైతాంది."

నేను క్యూ ఆమె వైపు చాపి అలాగే నిలబడ్డాను. కూతురికి నీ చేత్తోనే ఇవ్వు అన్నాను. ఆమె చీపురు గోడకు పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది. ఒకసారి తుడుచుకుని, చూసుకుని, మళ్లీ తుడుచుకుంది. తర్వాత కొంగును చేతికి చుట్టుకుని, వేళ్లు తగలకుండా ఆ బట్టతో క్యూను పట్టుకుని తీసుకెళ్లి, టేబుల్ మీద పెట్టి వచ్చింది.